మూడో కొటేషన్

మూడు కవర్లలో ఆఖరిదాన్ని చించి, లోపలి కాగితం చూసి, మేనేజరు గారు కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నారు. అంకె మారలేదు.

"చెత్త బండి ఒక్కంటికి నాలుగు వేల వంద," అని చదివారు. అందరి ముందూ చదవాలని రూలు ఉంది కనుక చదివారు.

పొద్దున్నుంచి కరెంటు లేదు. మున్సిపల్ ఆఫీసు మేడ మీది గదిలో ఫ్యాను రెక్కలు దుమ్ముతో సహా కదలకుండా ఉన్నాయి. మధ్యాహ్నం మూడు దాటింది. కొనుగోళ్ళ గుమాస్తా ఇంకా అన్నం తినలేదు. ఇంటిపన్ను కౌంటర్లో మనిషి రాలేదని పొద్దున ఆమెను అక్కడ కూర్చోబెట్టారు. అక్కణ్ణుంచి లేచొచ్చి ఇక్కడ రిజిస్టరు పట్టుకుని నిలబడింది. నాలుగు వేల వంద అని రాయబోతే చెయ్యి ఆగిపోయింది.

గోడవార బెంచీకి ఒక చివర మూడు షాపులాయన కాలు మీద కాలు వేసుకుని కూర్చున్నాడు. మున్సిపాలిటీకి చీపుళ్ళ దగ్గర్నుంచి బీరువాల దాకా అన్నీ సరఫరా చేసేది ఆయనే. రెండో చివర ఆమె పక్కింటి తమ్ముడు, వెల్డింగు షెడ్డతను, ఇస్త్రీ చొక్కాకి మెడ గుండీ కూడా పెట్టుకుని బడిలో మొదటి రోజు పిల్లాడిలా కూర్చున్నాడు. మూడు షాపులాయన రేటు నాలుగు వేల తొమ్మిది వందల యాభై. రెండో కవరు ఆయన బావమరిదిది, నాలుగు వేల తొమ్మిది వందల ఎనభై. మూడోది ఇదీ.

"కాగితాలన్నీ పరిశీలించి చెబుతాం. ఇక వెళ్ళిరండి," అన్నారు మేనేజరు గారు.

తెరిచిన కవర్లలోని ప్రతి కాగితం మీదా అక్కడికక్కడే నంబరు వేసి సంతకం పెట్టాలి. ఆమె స్టాంపు ముందుకు జరిపింది. ఆయన దాన్ని వెనక్కి జరిపి, "తరవాత చూద్దాంలేమ్మా," అన్నారు.

మెట్ల దగ్గర వెల్డింగతను ఆగి, గొంతు తగ్గించి అడిగాడు. "అక్కా, మనదే కదా?"

"ఇంకా పరిశీలించాలి," అంది ఆమె. అతని మొహం చూడలేక రిజిస్టరు చూస్తూ అంది.

రూలు పుస్తకంలో ఈ సంగతి ఒకటిన్నర పేజీ ఉంటుంది. రెండు లక్షలు దాటని కొనుగోలుకు పేపర్లో ప్రకటన అక్కర్లేదు. కనీసం మూడు సంస్థల నుంచి సీలు వేసిన కొటేషన్లు తెప్పించాలి, అందరి ముందూ తెరవాలి, అర్హత ఉన్నవాళ్ళలో తక్కువ ధర వేసినవాళ్ళకి ఇవ్వాలి. చక్కటి రూలు. రాసిన మహానుభావుడెవరో జనం సొమ్ము మీద ప్రేమతోనే రాసి ఉంటాడు. మూడు ఉండాలన్నాడు గాని, ఆ మూడూ ఒకే జేబులోంచి రావచ్చని పాపం ఆయనకు తట్టి ఉండదు.

ఆఫీసులో వాటిని తోడు కొటేషన్లు అంటారు. అసలుది ఒకటి, దానికి తోడు రెండు. మూడు షాపులాయన తన షాపుదీ, బావమరిది షాపుదీ, ఎక్కడా లేని ఇంకో షాపుదీ లెటరు ప్యాడ్లు తెచ్చి ఆమె బల్ల మీద పెట్టేవాడు. తోడు కొటేషన్లు నింపేది ఆమే. ఒకటి నీలం సిరాతో నిటారుగా, ఇంకోటి నల్ల సిరాతో కాస్త వాల్చి. పదకొండేళ్ళుగా రాసి రాసి, ఆ వాల్చిన దస్తూరీ ఆమె సొంత దస్తూరీ కన్నా అందంగా తయారయింది. మొదటి ఏడాది తలుపు దగ్గరగా వేసుకుని రాసేది. తరవాత ఆ పనికీ, గ్లాసు కడిగి బోర్లించడానికీ తేడా లేకుండా పోయింది.

ఈ ఏడాది ఆడిటరు కొత్తవాడు వచ్చాడు. పనిలేక కాబోలు, మూడో షాపు చిరునామా వెతుక్కుంటూ వెళ్ళాడు. అక్కడ మున్సిపాలిటీ వారి మరుగుదొడ్డి ఉంది. ఆఫీసంతా వారం రోజులు పడీ పడీ నవ్వుకున్నారు గాని, మేనేజరు గారికి మాత్రం నవ్వు రాలేదు.

"ఈసారి మూడోది నిజం షాపుదై ఉండాలమ్మా," అన్నారాయన ఆమెను పిలిచి. "చెత్త బళ్ళు కొనాలి, నలభై. మీ వీధిలో వెల్డింగు షెడ్డేదో ఉందన్నావుగా, ఆ మనిషి చేత ఒకటి వేయించు. రేటు మాత్రం అయిదు వేలకి పైనే వెయ్యమని చెప్పు."

ఆ చివరి ముక్క ఆమె చెప్పలేదు. అతని ఎదుట ఆ మాట ఎలా అనాలో తెలియలేదు. తనను అక్కా అని పిలిచే మనిషితో, ఓడిపోవడానికి కొటేషన్ వెయ్యి తమ్ముడూ అని ఏ నోటితో అంటుంది? పైగా చెప్పనక్కర్లేదనే అనుకుంది. అంత పెద్ద షాపువాడే నాలుగు వేల తొమ్మిది వందలు వేస్తుంటే, చిన్న షెడ్డువాడికి ఇంకా ఎక్కువే పడుతుంది కదా అని ఆమె లెక్క. పదకొండేళ్ళు తన చేత్తో రాసిన ధరలే అసలు ధరలని ఆమే నమ్మేసింది.

అతని షెడ్డుకీ ఆమె వంటింటికీ మధ్య ఒక్కటే గోడ. షెడ్డు వెనక ఒక గది, అదే అతనికీ భార్యకీ ఇల్లు. ఆమె సాయంత్రం కూర వేయిస్తుంటే అతను ఇనుము కోసే చప్పుడుకి మూకుడు కూడా అదిరేది. మున్సిపాలిటీ బళ్ళు బాగుచేసేది అతనే. చెత్త ఎత్తే ఆడవాళ్ళు విరిగిన బండిని ఈడ్చుకుంటూ అతని షెడ్డుకే వచ్చేవాళ్ళు. వాళ్ళ రోజు కూలి నాలుగు వందల ఇరవై. బాగుచేసినందుకు ఆఫీసు పైసా ఇవ్వదు. కొత్త బండికి ఏడాది గ్యారంటీ ఉంది, సరఫరాదారే బాగుచెయ్యాలి. గ్యారంటీ ఫైల్లో ఉంటుంది, బండి షెడ్డులో ఉంటుంది, డబ్బులు ఆ ఆడవాళ్ళ కొంగుముడిలోంచి వస్తాయి. అతను ఎనభై తీసుకోవాల్సిన చోట యాభై తీసుకునేవాడు.

అందుకే కొటేషన్ మాట చెప్పినప్పుడు అతను చేతిలో పని కింద పెట్టేశాడు.

"నాకిస్తారా అక్కా? నాలాంటోడికి?"

"రేటు ఎవరిది తక్కువైతే వాళ్ళకే. రూలు అది."

ఆ మాట అన్నందుకు ఆమె తరవాత ఎన్నిసార్లు నాలుక కరుచుకుందో లెక్కలేదు. అతను మాత్రం దాన్ని పట్టుకుని మూడు వారాలు నిద్రాహారాలు మానేశాడు. బళ్ళు తోసే ఆడవాళ్ళను కూర్చోబెట్టి అడిగాడు, ఎక్కడ విరుగుతోంది, ఎందుకు విరుగుతోంది అని. ఇరుసు పట్టుకునే పట్టీ దగ్గర అందరివీ విరుగుతున్నాయి. పల్చటి రేకు. రంగు వేస్తే తెలియదు, తోస్తే తెలుస్తుంది. మందం రెట్టింపు పట్టీతో సొంత ఖర్చు మీద ఒక బండి చేసి వాళ్ళ చేతికే ఇచ్చాడు. బండికి మూడు వేల నాలుగు వందలు సరుకు, మూడు వందలు కూలి, నాలుగు వందలు మిగులు. నలభై బళ్ళకి మిగిలే పదహారు వేలూ, ధరావతు కట్టిన పది వేలూ తిరిగొస్తే ఆ పదీ కలిపి, కొత్త వెల్డింగు మిషను. పాతది ముట్టుకుంటే జివ్వుమంటోంది.

కొటేషన్‌తో పాటు పన్ను బాకీ లేదన్న పత్రం పెట్టాలి. దానికోసం అతని భార్య కుట్టుపని మానుకుని రెండు రోజులు లైన్లో నిలబడింది. కవరు అంటించే ముందురోజు భార్యాభర్తలిద్దరూ కాగితాలు పట్టుకుని ఆమె ఇంటికి వచ్చారు. ఆమె చూసింది. అయిదు కాగితాలు. ఏది పైన, ఏది కింద ఉండాలో తనే వరస పెట్టి ఇచ్చింది. రేటు కాగితం మాత్రం మడిచి ఉంచాడు. "ఎవరికీ చూపించకూడదంట కదక్కా, నీక్కూడా చూపించను," అని నవ్వాడు.

కవర్లు తెరిచిన రోజున అతను ఆఫీసు మెట్లు దిగి వెళ్ళాక మేనేజరు గారు ఆమెను లోపలికి పిలిచారు. మూడు షాపులాయన అప్పటికే అక్కడ కుర్చీలో ఉన్నాడు.

"ఇదేంటమ్మా?" అన్నారు మేనేజరు గారు.

ఆమె రిజిస్టరు మూసి చంకలో పెట్టుకుంది.

"పోన్లెండి సార్, ఆవిడేం చేస్తుంది," అని మూడు షాపులాయన ఆమె తరఫున మాట్లాడాడు. ఆయన ఎప్పుడూ మర్యాదస్తుడే. "పాపం కుర్రాడు లెక్క సరిగా వేసుకోలేదు. ఆ రేటుకి చేస్తే మునిగిపోతాడు. అతని మంచి కోసమైనా మనం ఆలోచించాలి. నా బళ్ళు సిద్ధంగా ఉన్నాయి, రంగులు కూడా అయిపోయాయి."

కవర్లు తెరవకముందే రంగులు ఎలా అయిపోయాయని ఎవరూ అడగలేదు. ఆమె కూడా అడగలేదు.

"అతని కాగితాల్లో ఏదో ఒకటి తక్కువ ఉండే ఉంటుంది చూడమ్మా," అన్నారు మేనేజరు గారు.

"అయిదూ ఉన్నాయి సార్."

"మళ్ళీ లెక్కపెట్టు." ఆయన గొంతు మెత్తగానే ఉంది. "నిన్ను పర్మనెంటు చేసే ఫైలు కూడా నా బల్ల మీదే ఉంది. దాన్లో కాగితం ఏదీ తక్కువ కాకుండా నేను చూస్తున్నానా లేదా?"

పదకొండేళ్ళుగా ఆమె తాత్కాలిక గుమాస్తా. జీతం పద్నాలుగు వేలు. పర్మనెంటయితే ముప్పై ఒకటి. భర్త జిరాక్సు బడ్డీ ఆఫీసు ప్రహరీకి ఆనుకుని ఉంది. అది అక్కడ ఉండడానికి రాతకోతలేం లేవు, మేనేజరు గారి దయ ఉంది. ఇవన్నీ నిజమే. ఇవన్నీ ఆమె తనకు తాను తరవాత చాలాసార్లు చెప్పుకుంది. చెప్పుకున్న ప్రతిసారీ కాస్త తక్కువ నమ్మింది.

సీటుకి వచ్చి లెక్కపెట్టింది. అయిదు. మళ్ళీ లెక్కపెట్టింది. అయిదు. మూడోసారి లెక్కపెట్టేటప్పుడు పన్ను పత్రం అడుగున లేదు, ఆమె ఒళ్ళో ఉంది. దాన్ని నాలుగు మడతలు చేసి, చించి, మళ్ళీ చించి, టీ కప్పులు పారేసే డబ్బాలో వేసి, పైన రెండు కప్పులు కూడా వేసింది. అంతా కలిపి నిమిషం పట్టలేదు. ఆ తరవాత ముగ్గురి ధరలూ పట్టిక వేసి, మూడో పేరుకు ఎదురుగా తన సొంత దస్తూరీతో రాసింది: పన్ను పత్రం జతచేయలేదు, అనర్హం.

ఆ సాయంత్రం ఆ మాట అతనికి చెప్పాల్సింది కూడా ఆమే.

"పెట్టానక్కా," అన్నాడు అతను. "పెట్టినట్టే గుర్తు."

"తొందర్లో మర్చిపోయుంటావు," అంది ఆమె.

చించినదాని కన్నా ఈ మాట పెద్ద పాపం. అప్పుడు తెలియలేదు గాని ఆ రాత్రికే తెలిసింది. గోడ అవతలి నుంచి అతని భార్య గొంతు స్పష్టంగా వినపడుతోంది.

"రెండ్రోజులు కాళ్ళు పీక్కుపోయేలా నిలబడి తెచ్చాను. మంచినీళ్ళక్కూడా లైను వదల్లేదు. దాన్ని కవర్లో పెట్టడం కూడా చేతకాలేదు నీకు!"

"పెట్టాననే అనుకున్నాను..."

"అనుకున్నావు! ఏదైనా అనుకోడమే నీ పని. మందంగా చేద్దామనుకున్నావు, మిషను కొందామనుకున్నావు. ఒక్క కాగితం! ఒకే ఒక్క కాగితం!"

ఇవతల ఆమె పప్పు కలుపుతూ నిలబడిపోయింది. అడుగంటిన వాసనకి భర్త లోపలికొచ్చి, "ఏమైంది?" అన్నాడు. "ఏం లేదు," అంది. ఆ రోజు నుంచి వంట తొందరగా ముగించి ముందు గదిలోకి వచ్చేసేది. అక్కడికీ వినపడేది.

మర్నాడు అతను షెడ్డంతా తిరగేశాడు. సామాన్ల పెట్టె బోర్లించాడు, రాడ్ల కట్టల వెనక చూశాడు, మంచం కింద చూశాడు. ఆ కాగితం ఎక్కడో ఒకచోట దొరకాలి కదా. కవర్లో లేకపోతే ఇంట్లోనే ఉండాలి కదా. "మీ ఇంట్లో గానీ పడిపోయిందేమో చూస్తావా అక్కా?" అని అడిగాడు. ఆమె చూసింది. నిజంగానే బల్ల కిందకి వంగి, చాప ఎత్తి, లేనిదాన్ని అతని కళ్ళ ముందు వెతికింది. మనిషి ఎంతకు దిగజారగలదో ఆమెకు ఆ చాప ఎత్తినప్పుడు తెలిసొచ్చింది.

అన్నిటికన్నా ఆమెను తినేసింది వేరే సంగతి. అతను తన చేతులను తానే నమ్మడం మానేశాడు. కొలత ఒకసారి పెట్టి కోసే మనిషి, మూడుసార్లు పెట్టి, గీత గీసి, చెరిపి, మళ్ళీ పెడుతున్నాడు. గేటు చేయించుకున్నవాళ్ళు డబ్బులిస్తే, "అక్కా, సరిపోయాయో లేదో ఒకసారి చూసిపెట్టవా," అని ఆమె దగ్గరికి తెస్తున్నాడు. దారిన పోయేవాళ్ళు పలకరిస్తే తనే ముందు చెప్పుకుంటున్నాడు. "నా మతిమరుపు వల్ల పోయిందండీ, లేకపోతే వచ్చుండేది." ఇంత చేసినవాళ్ళ మీద అతనికి కోపం లేదు. ఎవరో చేశారన్న అనుమానమే లేదు. తిట్టుకోవడానికి అతనికి తనొక్కడే దొరికాడు.

ఆరో రోజున నలభై కొత్త బళ్ళు ఆఫీసు ఆవరణలోకి దిగాయి. ఆకుపచ్చ రంగు, తెల్లటి అక్షరాలు. పదకొండో రోజున ఒకామె వాటిలో ఒకదాన్ని పక్కకు ఒరిగిన చక్రంతో ఈడ్చుకుంటూ షెడ్డుకు తెచ్చింది. గుమాస్తా అప్పుడే ఆఫీసుకు బయలుదేరుతోంది.

"కొత్తదానికే ఇంత సోకేంటి పెద్దమ్మా?" అన్నాడు అతను.

"సోకంతా పైనే నాయనా. కిందంతా డొల్ల." చెత్త ఎత్తే ఆమె చీర కొంగుతో మెడ తుడుచుకుంది. "నువ్వు చేసిన బండి నా దగ్గర ఇరవై రోజులు నడిచింది. పూచికపుల్లంత బరువు కూడా అనిపించలేదు. అలాంటివి ఇస్తారనుకున్నాం అందరం. ఏదో కాగితం మర్చిపోయావంట కదా. మా ఖర్మ."

అతను తల వంచుకుని పట్టీ విప్పాడు. ఆమె కొంగుముడి విప్పి యాభై తీస్తే, వద్దన్నాడు. "ఇది నా తప్పుకి," అన్నాడు.

గుమాస్తా వీధి మలుపు తిరిగేదాకా అడుగులు లెక్కపెట్టుకుంటూ నడిచింది, ఏడవకుండా ఉండడానికి.

పదమూడో రోజు మేనేజరు గారు రెండు కాగితాలు ఒకేసారి ఆమె చేతికిచ్చారు. ఒకటి ఆమెను పర్మనెంటు చేస్తూ ఆర్డరు. రెండోది తెల్లకాగితం.

"ఓడిన మనిషి ఫిర్యాదు చేసుకోవడానికి పదిహేను రోజులు గడువుంటుంది కదా," అన్నారు. "ఆ తలనొప్పి మనకెందుకు. నా పొరపాటు వల్లే కాగితం జతచేయలేదు, నాకు ఏ అభ్యంతరమూ లేదు అని అతని చేత రాయించుకుని రా. అది తెచ్చిస్తేనే ధరావతు తిరిగిస్తామని చెప్పు. నీ మాట వింటాడుగా."

మేడ దిగుతుంటే సీట్లలో వాళ్ళు లేచి అభినందనలు చెప్పారు. ఒకాయన టీ తెప్పించమన్నాడు. బడ్డీలో భర్త ఆర్డరు చూసి, కళ్ళనీళ్ళు పెట్టుకుని, దాన్ని నాలుగు జిరాక్సులు తీశాడు. పదకొండేళ్ళ ఎదురుచూపు. సంతోషించడానికి ఆమె గట్టిగా ప్రయత్నించింది. అది తన వల్ల కాలేదు.

షెడ్డులో అతను ఒక్కడే ఉన్నాడు. ఆమెను చూసి ఖాళీ రంగు డబ్బా బోర్లించి, గుడ్డతో తుడిచి వేశాడు. ఆమె కూర్చుంది. వచ్చిన పని చెప్పింది.

"దానికేముందక్కా, రాసిస్తాను. కానీ నాకు ఆఫీసు భాష రాదు. నువ్వే రాయి, నేను సంతకం పెడతాను." అతను చేతులు తుడుచుకుని ఎదురుగా గొంతుకూర్చున్నాడు. "పది వేలు తిరిగొస్తే చాలు. మా ఆవిడ కాస్త మాట్లాడుతుంది. నాలుగు రోజుల్నుంచి కంచం పెట్టి వెళ్ళిపోతోంది, అంతే."

ఆమె తెల్లకాగితం రిజిస్టరు మీద పెట్టి తేదీ వేసింది. కింద, 'అయ్యా' అని రాసింది.

"నా అజాగ్రత్త వల్ల అని రాయక్కా," అన్నాడు అతను. "పొరపాటు అంటే చిన్నదిగా ఉంటుంది. అజాగ్రత్తే కదా జరిగింది. ఇంకోసారి ఇలాంటివాటికి నన్ను పిలవకు. నాలాంటోడి చేతికి కాగితాలిస్తే ఇంతే. పాపం నువ్వు వరసగా పెట్టి మరీ ఇచ్చావు. ఆఫీసులో నీకెంత తలవంపులయిందో."

ఆమె 'నా' అని రాసింది. తరవాతి అక్షరం రాయలేకపోయింది. అతను ఆగి చూస్తున్నాడు, పెన్ను రాయడం లేదనుకుని జేబులోంచి తన పెన్ను తీసి ఇచ్చాడు.

"పెట్టావు," అంది ఆమె.

"ఏంటక్కా?"

"నువ్వు పెట్టావు. అయిదూ ఉన్నాయి. నేనే తీసేశాను. చించేశాను."

అతనికి వెంటనే అర్థం కాలేదు. ఆమెకేసి చూసి సగం నవ్వాడు, తనను ఓదార్చడానికి అంటోందనుకున్నట్టున్నాడు. ఆమె అంతా చెప్పింది. తోడు కొటేషన్ల సంగతి, అయిదు వేలకి పైన వెయ్యమన్న సంగతి, తను ఆ ముక్క చెప్పని సంగతి, డబ్బా సంగతి, ఇందాక వచ్చిన ఆర్డరు సంగతి. ఏదీ తగ్గించలేదు. మేనేజరు గారి మీదకు నెట్టబోయి, మళ్ళీ తనే ఆపుకుని, "చేతులు నావే," అంది.

అతను చల్లారిన మిషను కేసి చూస్తూ కూర్చున్నాడు.

"నన్ను గెలవడానికి పిలవలేదన్నమాట," అన్నాడు చివరికి.

"లేదు."

"సరే. అది వదిలెయ్. ఉద్యోగం కోసం చేశావు, అదీ వదిలెయ్." అతని గొంతు పెరగలేదు. "ఇన్ని రోజులూ నా పెళ్ళాం నన్ను తిడుతుంటే నువ్వు గోడ పక్కనే ఉన్నావు కదక్కా. వింటూనే ఉన్నావు కదా."

ఆమె పది వేలకీ, పదహారు వేలకీ ఏదో ఒక సర్దుబాటు ఆలోచించగలిగేదేమో. దీనికి సర్దుబాటు లేదు. తల దించుకునే, "విన్నాను," అంది.

తరవాత 'నా' అన్న అక్షరం ఉన్న కాగితాన్ని మడిచి పక్కన పెట్టి, రిజిస్టరు వెనక నుంచి ఇంకో కాగితం చింపింది. ఫిర్యాదుకు ఇంకా రెండు రోజులు గడువుంది. ఇది ఎలా రాయాలో ఆమెకు బాగా తెలుసు; ఎన్నో ఏళ్ళుగా ఇలాంటివి రాకుండా చూడడమే ఆమె ఉద్యోగం. నిటారు దస్తూరీ కాదు, వాల్చిన దస్తూరీ కాదు. గబగబా, తనకొచ్చినట్టు రాసింది. కవరు తెరిచిన రోజున పన్ను పత్రం అందులో ఉన్నదనీ, కాగితాల మీద నంబర్లు వెయ్యలేదనీ, అదేరోజు సాయంత్రం లోపల దాన్ని తొలగించారనీ.

"ఎవరు తొలగించారో రాయాలి," అన్నాడు అతను. అడుగుతున్నట్టు లేదు.

"రాస్తున్నాను."

కొనుగోళ్ళ విభాగం గుమాస్తా అని హోదా రాసి, పక్కన తన పూర్తి పేరు, తండ్రి పేరుతో సహా రాసింది. ఎవరు పురమాయిస్తే చేసిందో కూడా కింద రాసి, అతని ముందుకు జరిపింది. అతను ముట్టుకోలేదు.

"నేను చదవలేను ఇంత పొడుగుది. నువ్వే చదువు."

ఆమె చదవడం మొదలుపెట్టింది. రెండు వాక్యాలయ్యేసరికి వెనక గది తలుపు తెరుచుకుంది. అతని భార్య, భుజం మీద కొలత టేపు వేలాడుతుండగా, గుమ్మంలో నిలబడింది. ఎంతసేపటి నుంచి అటువైపు ఉందో తెలియదు. మొగుడి మొహం చూసింది, గుమాస్తా చేతిలో కాగితం చూసింది. ఆమె కళ్ళు అప్పటికే ఎర్రబడి ఉన్నాయి.

గుమాస్తా ఆగింది. మళ్ళీ మొదలుపెట్టి, పెదవులతోనే చదువుకున్నట్టు చదివింది.

"వినపడట్లేదు వదినా," అంది గుమ్మంలోంచి అతని భార్య. "గట్టిగా చదువు. మొదట్నుంచీ."

ఆమె కాగితాన్ని రెండు చేతులతో పట్టుకుని, లేచి నిలబడి, మొదటి నుంచీ చదవసాగింది.